సువార్త మేడం మాటల డబ్బాలు

దూదిని స్పిరిట్‌లో ముంచి మెమరీ కార్డు వెనకనున్న బంగారు రంగు గీతల మీద రుద్దుతుంటే ఆ వాసన ముక్కుకు చల్లగా తగిలింది. సూది మందు వేయబోయే ముందు నర్సు చేతి మీద రుద్దేది అదే. చాలామందికి ఆ వాసనతో ఆసుపత్రి గుర్తొస్తుంది. నాకు సువార్త మేడం గుర్తొస్తారు. జగిత్యాలలో నా పనిగది రోడ్డు వైపు ఉంటుంది. బయట ఆటోవాళ్లు "కోరుట్ల, కోరుట్ల" అని పిలుస్తున్నారు. ఆ పిలుపు వింటూ దూది చేతిలో ఆరిపోయేదాకా అట్లాగే కూర్చున్నాను. మేడం పోయి కొన్నేళ్లయింది. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఎరిగినవాళ్లలో కొందరికైతే ఆమె పేరెత్తితేనే మొహం మారిపోతుంది. మీరు ఆమెను చూసి ఉండరు. అందుకే మొదటి నుంచి చెప్తాను.

మేడంది ఎల్లారెడ్డిపేట పక్కన ఒక పల్లె. సెంటు భూమి లేని ఇల్లు. తండ్రి ఒక ఆసామి దగ్గర పాలేరుగా జీతమున్నాడు. ఆమె మిషన్ బడిలో చదివి, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, హైదరాబాదులో ఒక కంపెనీలో చాలా ఏళ్లు పనిచేశారు. తయారైన వస్తువులు బయటికి పోయే ముందు వాటిని పరీక్షించే బల్ల ఆమెది. భర్త పోయాక కోరుట్లలో ఉన్న అక్క దగ్గరికి వచ్చేశారు. పొట్టి మనిషి. కళ్లద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేవారు. తొందరగా నవ్వేవారు కాదు. మెచ్చుకోవడం అసలే రాదు. పని బాగా చేస్తే "ఊఁ" అనేవారు. బాగా లేకపోతే ఏమీ అనకుండా ఆ వస్తువును మళ్లీ మన ముందుకు జరిపేవారు. ఆ జరపడం కంటే నాలుగు తిట్లు తిన్నా నయమనిపించేది.

అప్పట్లో మాటలు రాని పిల్లల కోసం ఒక ట్రస్టు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో పగటి బడులు నడిపేది. వినికిడి ఉండి, తెలివి ఉండి, పుట్టుకలోనే నరాలు దెబ్బతిని గొంతు పెగలని పిల్లలు వాళ్లు. చేతులు కూడా చెప్పిన మాట వినవు కాబట్టి సైగలూ చేయలేరు. వాళ్ల కోసం మేడం మాటల డబ్బా తయారు చేశారు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. పైన ఎనిమిది పెద్ద బటన్లు, ఒక్కో బటన్ మీద ఒక బొమ్మ. ఒత్తితే ఒక మాట పలుకుతుంది. పక్కన యూఎస్‌బీ వైరు పెట్టే చోటు ఉంటుంది. కంప్యూటరుకు కలిపి ఏ బటన్ ఏ మాట పలకాలో మనమే ఎక్కించవచ్చు, మార్చవచ్చు. ఆ మాటలన్నీ లోపల వేలిగోరంత మెమరీ కార్డులో ఉంటాయి. కార్డు బాగుంటే ఆ పిల్లకు నోరుంది. లేకపోతే లేదు.

నేను పెగడపల్లి నుంచి వచ్చినదాన్ని. మా అమ్మ బీడీలు చేసి చదివించింది. డిప్లొమా చేతిలో పట్టుకుని కోరుట్ల బడి వెనక మేడం డబ్బాలు చేసే రేకుల గదికి ఉద్యోగం కోసం వెళితే మేడం నన్నేమీ అడగలేదు. ఒక డబ్బా నా ముందు పెట్టారు.

"ఇది ఒకసారి పలుకుతది, ఒకసారి పలుకది. ఏమైందో చెప్పు."

నేను నాలుగు బటన్లు ఒత్తి చూసి, "కార్డు పోయింది మేడం" అన్నాను.

"పోయిందని ఎట్ల తెలిసింది? చూసినవా?"

"ఎక్కువసార్లు కార్డే పోతది కదా మేడం."

"ఎక్కువసార్లు సంగతి ఎందుకు? ఇది ఒక్క పిల్ల డబ్బా. ఆ పిల్ల డబ్బాకు ఏమైందో చెప్పు."

ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ఈ కార్డు తీసి బాగున్న డబ్బాలో పెట్టు. బాగున్న కార్డు తెచ్చి ఈ డబ్బాలో పెట్టు. రోగం కార్డుతో పాటు పోయిందా, డబ్బాలోనే ఉండిపోయిందా? బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఎట్లా ఉంది, తగ్గినప్పుడు ఎట్లా ఉంది? గీతలు తుడవక ముందు ఎట్లా, తుడిచాక ఎట్లా? రెండు పనులు ఒకేసారి చేస్తే ఏది బాగు చేసిందో ఎన్నటికీ తెలియదు. ఆ రోజు తప్పు కార్డుది కానే కాదు. కార్డు కూర్చునే గాడిలో వెంట్రుకంత తీగ ఒకటి వంగిపోయి కార్డుకు తగలడం లేదు. సూదిమొనతో దాన్ని పైకి లేపగానే డబ్బా "అమ్మా" అంది. మేడం "ఊఁ" అన్నారు. ఉద్యోగం వచ్చిందని నాకు అట్లా తెలిసింది.

డబ్బాలో మాటల విషయంలో మేడంకు జగిత్యాల ఆఫీసుతో ఎప్పుడూ పడేది కాదు. ఆఫీసువాళ్లు ఒక చదువుకున్నావిడతో "నాకు దాహంగా ఉంది", "నాకు బాధగా ఉంది" అని తీయగా చెప్పించి పంపారు. మేడం ఒకసారి విని పక్కన పెట్టేశారు. "గీ ఇండ్లల్ల దాహం అని ఎవలంటరు? పిల్ల గట్ల పిలిస్తే రేడియో అనుకుని తల్లి తన పని తాను చేసుకుంటది" అన్నారు. ఏ పిల్ల డబ్బా ఆ పిల్ల ఇంటి గొంతుతోనే మాట్లాడాలన్నది ఆమె పట్టు. అందుకని మేమిద్దరం బస్సులెక్కి ఊళ్లు తిరిగి, ఆ పిల్ల ఈడు పిల్లనొకదాన్ని పట్టుకుని "దూపైతాంది", "ఆకలైతాంది", "నొస్తాంది" అని చెప్పించి రికార్డు చేసుకొచ్చేవాళ్లం.

మానసను అట్లాంటి ఒక ప్రయాణంలోనే చూశాను. ఎల్లారెడ్డిపేట దాటి వాళ్ల ఊరు. తండ్రి దుబాయిలో కూలి. తల్లి లచ్చవ్వ పొలం పనులకు పోయేది. పగలంతా పిల్లను నాయనమ్మ చూసుకునేది. పిల్లను సిరిసిల్ల బడికి తెచ్చేది వారంలో వీలైనప్పుడే. పదేళ్ల పిల్ల. మెడ ఒక పక్కకు వాలి ఉండేది కాని కళ్లు మాత్రం మనం ఎటు పోతే అటు మన వెంటే వచ్చేవి. పక్కింట్లో ఉండే పెద్దమ్మ బిడ్డ శ్రావణి చేత మాటలు చెప్పించాం. ఎర్ర బటన్‌కు "అమ్మా, నొస్తాంది" అని పెట్టాం. శ్రావణి నవ్వాపుకోలేక పోతుంటే, "నిజంగ నొస్తే ఎట్లంటవో అట్ల అను" అని మేడం దాని చేయి మెల్లగా గిల్లారు.

డబ్బా ఇచ్చిన రోజు లచ్చవ్వ వాకిట్లో బోళ్లు తోముతోంది. లోపలి నుంచి "అమ్మా" అని వినబడింది. వెనక్కి చూడకుండానే "ఆగవే శ్రావణీ, అస్తున్న" అంది. మళ్లీ "అమ్మా" అని వచ్చింది. ఈసారి ఆమె చేతిలో గిన్నె పట్టుకుని తిరిగి చూసింది. శ్రావణి ఆమె పక్కనే నిలబడి ఉంది. లచ్చవ్వ లేచి లోపలికొచ్చి, తడి చేతిని కూతురి నోటి మీద పెట్టి, అక్కడే కూలబడింది. మానస మళ్లీ ఒత్తింది. ఆ రోజు తిరుగు బస్సులో మేడం కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నవ్వుతున్నారని అద్దంలో కనబడింది.

కొంతకాలానికి ట్రస్టుకు పెద్ద విరాళం వచ్చింది. మూడు బడుల్లోని పిల్లలందరికీ ఒకే రకం నీలం డబ్బాలు, సభ, స్టేజీ, ఫొటోలు అని నిర్ణయమైంది. మానస లాగా పాతవి బాగున్న పిల్లలకు కూడా కొత్తవే ఇచ్చి, పాతవి ఆఫీసుకు పంపాలన్నారు. కార్డులు ఆఫీసే ఒక డీలరు దగ్గర మొత్తంగా కొన్నది. మేము ప్రతి కార్డులో మాటలు రాసి, తిరిగి చదివి, సరిపోల్చి చూశాం. ఒక్కటి కూడా తప్పలేదు. అయినా మేడం మనసు ఒప్పలేదు. కొత్త సరుకును కొన్నాళ్లు ఎండలో, ఉక్కలో వాడి చూడకుండా పిల్లల చేతికి ఇవ్వకూడదని ఆమె లెక్క. ట్రస్టు పెద్దాయనతో ఫోన్లో మాట్లాడారు. ఆయన పాత దొరల కుటుంబం మనిషి. కటువుగా మాట్లాడే స్వభావం కాదు.

"ఈ ఎండాకాలం పోనియ్యండి సార్. జూన్ల ఇద్దాం."

"తారీఖు ఖాయమైంది సువార్తగారూ. పెద్దవాళ్లు వస్తున్నరు. మీరు పరీక్ష చేసిన్రు కదా?"

"చేసినం."

"అన్నీ పలికినయా?"

"పలికినయ్."

"మరింకేంది?"

మేడం బల్ల మీది కొత్త కార్డుల వైపు చూశారు. తర్వాత "సరే సార్" అన్నారు. ఆ "సరే" తనదేననీ, ఎవరూ తన నోట్లో పెట్టలేదనీ ఆమె తర్వాత ఎన్నోసార్లు అన్నారు.

ఎండలు ముదిరాక డబ్బాలు తిరిగి రావడం మొదలైంది. పలకడం లేదని కొన్ని, సగం మాట పలికి గరగరమంటున్నాయని కొన్ని. మేము గాడి చూశాం, బ్యాటరీ చూశాం, గీతలు తుడిచాం. కార్డు తుడిపేసి మాటలు మళ్లీ ఎక్కించగానే డబ్బా శుభ్రంగా పలికేది. పలికింది కాబట్టి బాగైనట్టే అనుకుని పంపేవాళ్లం. మానస డబ్బా కూడా సిరిసిల్ల బడి ద్వారా ఒకసారి వచ్చింది. మేడం స్వయంగా తీసుకుని, తుడిచి, మాటలు మళ్లీ ఎక్కించి, ఎనిమిది బటన్లూ ఒత్తి చూసి పంపారు.

మే నెల పోకముందే మానస పోయింది. ఆ సంగతి మాకు లచ్చవ్వ అన్న వచ్చి చెప్పాడు. డబ్బాను తుడిచి ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చాడు. "మా చెల్లె ఇచ్చి రమ్మన్నది మేడం. ఇంకో పిల్లకు అక్కరకస్తది" అన్నాడు. మేడం కుర్చీ చూపించారు. అతను కూర్చుని జరిగింది చెప్పాడు. లచ్చవ్వ పొద్దున్నే పనికి పోయింది. సాయంత్రం వచ్చేసరికి పిల్ల ఒళ్లు కాలిపోతోంది, కడుపు రాయిలా ఉంది. సిరిసిల్లకు, అక్కడి నుంచి కరీంనగర్‌కు తీసుకుపోయారు. లోపల పేగు పగిలి చాలాసేపైందన్నారు. తండ్రి రాలేకపోయాడు. ఫోన్లోనే చివరి చూపు చూశాడు.

"ముసల్దానికి చెవులు మంచిగనే ఇనస్తయ్ మేడం. పిల్లకు నొప్పి అచ్చినట్టు ఎట్ల తెలుస్తది? పొద్దంత గీ డబ్బా ఒత్తుకుంట కూసున్నదట. అది పలుకకపోయేసరికి ఆడుకుంటాంది అనుకున్నదట. పాపం, నోరు లేని పిల్ల. చెప్పుకోలేకపాయె."

అతను మామూలుగానే చెప్పాడు. తానేం చెప్తున్నాడో అతనికి తెలియదు. మేడం నీళ్ల గ్లాసు అతని ముందుకు జరపబోతూ సగంలో ఆగిపోయారు. అతను వెళ్లాక కవరు విప్పి ఎర్ర బటన్ ఒత్తారు. లోపల ఎండుటాకు కదిలినంత చప్పుడైంది. అంతే. మళ్లీ ఒత్తారు. నేను అలవాటుగా యూఎస్‌బీ వైరు తీసి మాటలు ఎక్కించడానికి సిద్ధమయ్యాను. ఆమె నా చేయి పట్టుకున్నారు.

"రాయకు. ముందు చదువు. ఇన్ని రోజులు రాసి రాసి, తప్పును మన చేతులతోటే తుడిచేసినం."

కార్డును కంప్యూటర్లో పెట్టి చూస్తే అన్ని పేర్లూ ఉన్నాయి. అమ్మా, దూప, ఆకలి, నొప్పి. పేర్లు ఉన్నాయి కాని వాటిలో మాటలు లేవు. ఎవరో ఇంటి మీద పేరు ఉంచి ఇల్లు ఖాళీ చేసినట్టుంది. అప్పుడు మేడం ఆ సరుకులో మిగిలిన వాడని కార్డులు తీశారు. అన్నింటిలో అవే మాటలు రాశాం. కొన్ని గదిలో పెట్టాం, కొన్నింటిని ఒక రేకు డబ్బాలో పెట్టి కప్పు మీద ఎండలో ఉంచాం. పక్కనే మా పాత కార్డులు కొన్ని ఉంచాం. మధ్యమధ్య తీసి, రాయకుండా చదివి మాత్రమే చూశాం. ఎండలో ఉన్న కొత్త కార్డులు ఒక్కటొక్కటిగా మాటలు పోగొట్టుకున్నాయి. తర్వాత గదిలోవి కూడా కొన్ని మొదలుపెట్టాయి. పాత కార్డులకు ఏమీ కాలేదు. కంపెనీలు పనికిరావని తీసిపారేసిన చిప్పుల మీద కొత్త పేరు అచ్చేసి అమ్ముతారనీ, అట్లాంటివి రాసిన రోజు బాగానే ఉంటాయనీ, హైదరాబాదులో పనిచేసినప్పుడు ఒకసారి చూశాననీ మేడం చెప్పారు. చెప్తున్నప్పుడు ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. చేతులు మాత్రం ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

జగిత్యాల ఆఫీసుకు నన్ను కూడా తీసుకుపోయారు. పెద్దాయన అంతా విన్నారు. నిజంగానే బాధపడ్డారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత, "కార్డులన్నీ మార్చేద్దాం. మెల్లగా, ఒక్కొక్క డబ్బా రిపేరుకు తెప్పించినట్టు తెప్పించి మారుద్దాం. ఆ తల్లికి మాత్రం ఇప్పుడు చెప్పి ఏం ఫాయిదా? పోయిన పిల్ల వస్తదా? ఉన్న దుఃఖం మీద ఇంకో దుఃఖం పెట్టుడే కదా" అన్నారు. ఆ మాటలో కపటం ఉందని నేను ఇప్పటికీ అనుకోను. ఆయన స్థానంలో ఉంటే చాలామంది అదే అంటారు.

"ఆమె, నా బిడ్డ చెప్పలేకపోయింది అనుకుంటాంది సార్" అన్నారు మేడం. "ఆ పిల్ల చెప్పింది. పొద్దంత చెప్పింది. మన డబ్బనే చెప్పలే."

"మీరు ట్రస్టు పేరు గురించి కూడా ఆలోచించాలె సువార్తగారూ."

"ఆలోచించిన సార్" అని లేచి నిలబడ్డారు.

అక్కడి నుంచి మానస ఊరికి మేం వెళ్లేసరికి లచ్చవ్వ పని నుంచి వచ్చి గడప మీద కూర్చుని ఉంది. ముసలమ్మ మంచంలో ఉంది. కుర్చీ వేయబోతే మేడం వద్దని నేల మీద, లచ్చవ్వకు ఎదురుగా కూర్చున్నారు. చుట్టూ తిప్పకుండా చెప్పారు.

"లచ్చవ్వా, ఆ రోజు మానస ఆడుకోలే. డబ్బా ఖరాబైంది. లోపల కార్డు మంచిది కాదు. పిల్ల ఒత్తింది, డబ్బ పలుకలే. ముందొకసారి ఖరాబైతే నా దగ్గరికే అచ్చింది. బాగైందనుకుని నేనే పంపిన. బాగు కాలే. తప్పు నాది."

లచ్చవ్వ కాసేపు అర్థం కానట్టే చూసింది. తర్వాత మంచం వైపు తిరిగింది. "అత్తా, ఏది ఒత్తింది?"

ముసలమ్మ లేచి కూర్చుంది. "ఎర్రదే ఒత్తింది పిల్లా. నా దిక్కు సూసుకుంట ఎర్రదే ఒత్తింది. ఆడుకో తల్లీ అని నేనే అన్న" అంటూ రెండు చేతులతో నెత్తి కొట్టుకోవడం మొదలుపెట్టింది. లచ్చవ్వ పోయి ఆ చేతులు పట్టుకుంది. చాలాసేపు అట్లాగే పట్టుకుని నిలబడింది. మా వైపు చూడకుండానే మాట్లాడింది.

"నోరు లేని బిడ్డ, నొప్పి చెప్పుకోలేక పోయిందనుకుంట ఏడుసుకుంటుంటి. గిప్పుడు నేనేమనుకుంట ఏడ్వాలె మేడం? మీరు చెప్పకపోతే నాకు తెల్వకపోవు. పోండ్రి. మా ఇంట్లకెళ్లి పోండ్రి."

బస్టాపు దగ్గర నీడ లేదు. మేడం ఎండలోనే నిలబడ్డారు. ఆగలేక నేనే అన్నాను, చెప్పకపోతే బాగుండేదేమోనని. ఆమె నన్ను కసురుతారనుకున్నాను.

"నాకు తెల్వదు బిడ్డా" అన్నారు. సంచి ఇంకో చేతికి మార్చుకుని, "ఆ పిల్ల కష్టపడి చెప్పింది. ఆ సంగతి మన దగ్గర దాసుకుంటే అది దొంగతనమైతది. గంతవరకే నాకు తెలుసు" అన్నారు.

ఆ చలికాలం దాటకుండానే ముసలమ్మ పోయింది. మేం వచ్చి పోయిన నాటి నుంచి తిండి సరిగ్గా తినలేదని ఊరివాళ్లు చెప్పుకున్నారు. ఆ మాట చేరిన రోజు మేడం అప్పటికి అక్క ఇంట్లో వేసుకున్న బల్ల ముందు కూర్చున్నారు కాని ఏ వస్తువునూ ముట్టుకోలేదు.

నిజం చెప్తే మంచి జరుగుతుందని కథల్లో రాస్తారు. ఇక్కడ అట్లా జరగలేదు. ట్రస్టు వాళ్లు మేడంను ఇంట్లో ఉండమన్నారు. ఆమె ఉండలేదు. తన దగ్గరున్న మంచి కార్డులు సంచిలో వేసుకుని ఊరూరూ తిరిగారు. నేనూ వెంట వెళ్లాను. ప్రతి ఇంట్లోనూ అదే చెప్పేవారు: డబ్బాలో కార్డు నమ్మదగ్గది కాదు, ఒక పిల్ల పోయింది, దీన్ని మార్చాలి. కొందరు దండం పెట్టారు. కొందరు, "గిది ముందు తెల్వదా మీకు? మా పిల్లల మీదనే పరీక్ష చేసి సూసిన్రా?" అని వాకిట్లోనే నిలబెట్టి అడిగారు. మేడం అక్కడి నుంచి కదిలేవారు కాదు. నిలబడి వినేవారు. మంచి కార్డులు కొన్ని ఊళ్లకే అయిపోయాయి; కొత్తవి కొన్నా ఎండలో పరీక్షించకుండా పెట్టడానికి మేడం ఒప్పుకోలేదు. అప్పటి నుంచి డబ్బాలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

వీర్నపల్లిలో ఒక తల్లి డబ్బా ఇవ్వనంది. కొడుకు ఒళ్లో ఉన్న డబ్బా మీద తన చేతులు కూడా వేసి పట్టుకుంది. "పలికినప్పుడు పలుకుతది. మీరు పట్కపోతే మల్ల ఇస్తరా? గ్యారంటీ ఉన్నదా?" అని అడిగింది. గ్యారంటీ లేదని మాకూ తెలుసు. మేడం చాలాసేపు ఆ పిల్లవాడి వైపు చూశారు. తర్వాత డబ్బా తీసుకోకుండా ఆమె పక్కన కూర్చుని, "అయితే ఒక పని చెయ్యి. పొద్దున లేశి అన్ని బటన్లు ఒక్కసారి ఒత్తి సూడు. ఏ ఒక్కటి పలుకకున్నా ఆ పొద్దు పిల్లగాన్ని ఇడిశిపెట్టి పోకు. కూలి పోతె పోనీ. నువ్వే వాని నోరు అనుకో" అన్నారు. అది మంచి పరిష్కారం కాదు. ఆ రోజు మా దగ్గర ఉన్నది అదే.

ముసలమ్మ పోకముందే, ఆ వానాకాలం చివర్లో రేకుల గదికి తాళం పడింది. డబ్బాల పని మొత్తం ఆపేశామని ఆఫీసు చెప్పింది. సిరిసిల్ల బడి కూడా ఎక్కువ కాలం నడవలేదు. కోరుట్లలో మేడం గురించి నానా మాటలు అన్నారు. విరాళాలు ఆమె వల్లే ఆగిపోయాయని, వందమంది పిల్లల నోట్లో మట్టి కొట్టిందని. ఆ తర్వాత మేడం, అక్క ఇంటి ముందు గదిలో కూర్చుని మిక్సీలు, ఫోన్లు బాగు చేసేవారు. అడిగినవాళ్లకు ఒకటీ అరా మాటల డబ్బాలు చేసిచ్చేవారు. నేను సాయంగా వెళ్లేదాన్ని. అప్పటి నుంచి కొత్త కార్డు ఏది వచ్చినా ఒక ఎండాకాలం దాటితే గాని ఆమె పిల్లల డబ్బాలో పెట్టలేదు. తర్వాత రొమ్ములో గడ్డ వచ్చింది. తెలిసేసరికే ఆలస్యమైంది. చివరి రోజుల్లో ఒకసారి నొప్పిగా ఉందా మేడం అని అడిగితే, "ఉన్నది. చెప్తె ఇనేటోళ్లు ఉన్నరు గదా, నయమే" అన్నారు. సమాధి దగ్గర మేం కొద్దిమందిమే ఉన్నాం.

ఆమె చేసిన పని నేను జగిత్యాలలో చేస్తున్నాను. ఏదైనా పాడై నా బల్ల మీదికి వస్తే, బాగు చేయాలని చేయి ముందుకు పోతుంది. ఆ చేయిని ఆపి ముందు చదువుతాను. ఆమె నాకిచ్చిన విద్య అది. దానితో పాటు ఒక బరువు కూడా ఇచ్చారు. అది నాదేనని తెలిసింది మాత్రం ఆమె పోయిన తర్వాతే.

సిరిసిల్ల బస్టాండులో ఒక మధ్యాహ్నం ఎవరో నా భుజం తట్టారు. లచ్చవ్వ. బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తోందట. జుట్టు సగం తెల్లబడింది.

"ఆ మేడం ఎంబడి అచ్చిన పిల్లవు గదా నువ్వు? ఆమె ఉన్నదా?"

"లేదక్కా. పోయింది."

ఆమె నా పక్కన బల్ల మీద కూర్చుంది. "ఆమె మీద కోపం పోలే నాకు. పోదు" అంది. తర్వాత ఒక బస్సు వచ్చి వెళ్లింది. ఆమె ఎక్కలేదు.

"మా ఊర్లె ఇప్పటికీ అంటరు, పాపం నోరు లేని పిల్ల, నొప్పి చెప్పుకోలేక సచ్చిపోయిందని. చెప్పింది, డబ్బనే ఖరాబైంది అని నేనంటె, తల్లి కడుపు గట్లనే అనుకుంటది అని నా దిక్కు జాలిగ సూస్తరు. మా అత్త ఉంటె సాక్ష్యం చెప్తుండె. అత్త పాయె. మేడం అచ్చి ఒక్కసారి నలుగురి ముందట చెప్తె బాగుండు అనుకున్న. ఆమె గూడ పాయె."

"నేనస్త అక్కా" అన్నాను.

ఆదివారం వెళ్లాను. లచ్చవ్వ ఇంటి ముందు అరుగు మీద ఆడవాళ్లు బీడీ చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను సువార్త మేడం దగ్గర పని నేర్చుకున్నదాన్నని చెప్పాను. కార్డు ఎట్లా పాడైందో, మేం ఎట్లా కనిపెట్టామో, ఆ రోజు మానస ఏ బటన్ ఒత్తిందో, అది ఏమని పలకాల్సి ఉండిందో చెప్పాను. ఆకులు చుట్టే చేతులు ఒక్కటొక్కటిగా ఆగాయి. లచ్చవ్వ తలుపు పట్టుకుని నిలబడి, నా మొహం కాకుండా వాళ్ల మొహాలు చూస్తోంది. అంతలో వాడకట్టు చివర నుంచి ఒక ముసలామె కర్ర పట్టుకుని వచ్చి, ఏమైందని అడిగింది.

"గీమె ఇనలే" అంది లచ్చవ్వ. "మల్ల చెప్పు."

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. వినేవాళ్లు దొరికిన ప్రతిచోటా చెప్తూనే ఉన్నాను.